కనుమ నాడు క్లోజింగ్ డేట్

2025 సెప్టెంబరు 19న వైట్‌హౌస్‌లో సంతకం పడింది. అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టిన ముచ్చట మళ్లీ ఇక్కడ విప్పనక్కర్లేదు. ఆ వారం తెలుగునాట ఇంకో మాట మాట్లాడుకున్న ఇల్లు తక్కువ. విడ్డూరం ఆ సంతకంలో లేదు, దాని వెనకాలే మారిపోయిన విదేశీ చదువుల కన్సల్టెన్సీల ఫ్లెక్సీల్లో ఉంది. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, బెజవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల లిబర్టీ విగ్రహం దిగిపోయి బ్రాండెన్‌బర్గ్ గేటు ఎక్కింది. నల్లగౌను తొడుక్కుని టోపీ గాల్లోకి ఎగరేస్తున్న అమ్మాయి మాత్రం మారలేదు. లండన్, టొరంటో, మెల్‌బోర్న్ అన్నీ చదివేసిన పిల్ల ఆమె. ఇప్పుడు బెర్లిన్‌లో ఎంబీఏ చేస్తోంది.

ఆమె కాళ్ల కింద రాసే నాలుగు ముక్కలు ఇంచుమించు ప్రతిచోటా ఒకటే. ఫ్రీ ఎడ్యుకేషన్. ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు. బ్యాక్‌లాగ్స్ ఉన్నా ఫరవాలేదు. కొద్ది సీట్లే మిగిలాయి, త్వరపడండి. మొదటి మూడూ ఓ పూట ఓపిగ్గా కూర్చుంటే ఎవరైనా తేల్చుకోగల అబద్ధాలు, అర్ధసత్యాలు. కొంపలు ముంచుతున్నది నాలుగోది. బిజినెస్ స్కూలుకు ఎప్పుడు అప్లై చేయాలన్నది మిగతా లోకంలో తర్జనభర్జన పడే విషయం. మన దగ్గర తర్జనా లేదు, భర్జనా లేదు. ఫైనలియర్ కుర్రాడు అడిగితే ఇప్పుడే. సెకండియర్‌లో మూడు సబ్జెక్టులు మిగుల్చుకున్నవాడు అడిగినా ఇప్పుడే, ప్రొఫైల్ బిల్డింగ్ మొదలెట్టాలి గదా. అయిదేళ్లు బ్యాంకులో చేసి వచ్చినామె అడిగినా ఇప్పుడే, ఇప్పటికే ఆలస్యమైపోయింది కాబట్టి.

ఇంట్లో ఈ నిర్ణయం జరిగే తీరు చూడముచ్చటగా ఉంటుంది. నాన్నగారి రిటైర్మెంటు ఎప్పుడో లెక్కేస్తారు. ఊరి చివర ప్లాటుకు రేటు ఎప్పుడు పలుకుతుందో కనుక్కుంటారు. పెదనాన్న కొడుకు వెళ్లి ఎన్ని నెలలైందో గుర్తు చేసుకుంటారు. ఆడపిల్లైతే లెక్క వేరు: సంబంధాలు మొదలయ్యేలోగా పంపేయాలి, లేదా జర్మనీ సంబంధం ఖాయమయ్యాక పంపాలి. ఆమెకు ఫైనాన్స్ ఇష్టమో మార్కెటింగ్ ఇష్టమో అప్లికేషన్ ఫారంలో ఆ గడి వచ్చినప్పుడు అప్పటికప్పుడు తేలుతుంది. చివరి మాట కన్సల్టెన్సీ కౌన్సెలర్‌ది. నిరుడే డిగ్రీ అయిన ఆ అమ్మాయి, పెన్షన్ కాగితాలు చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని 'అంకుల్' అని ప్రేమగా పిలిచి, సీట్లు ఫాస్ట్‌గా అయిపోతున్నాయని చెబుతుంది. అంకుల్ తల ఊపుతాడు.

జర్మన్ల వైపు లెక్క ఇంత రసవత్తరంగా ఉండదు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఏడాదికి రెండు సెమిస్టర్లు. మామూలుగా అక్టోబరు 1న వింటర్ మొదలవుతుంది, ఏప్రిల్ 1న సమ్మర్. దరఖాస్తుకు సాధారణంగా వినిపించే గడువులు జూలై 15, జనవరి 15. మే 31కే తలుపు వేసుకునే కోర్సులున్నాయి, అంతకు ముందే వేసుకునేవీ ఉన్నాయి. మాస్టర్స్‌లో చాలావాటికి వింటర్ ప్రవేశం ఒక్కటే ఉంటుంది. అంటే లక్ష డాలర్ల వార్త విని సెప్టెంబరు ఇరవయ్యో తేదీ పొద్దున్నే లేచి జర్మనీ అనుకున్నవాడికి ఆ ఏటి గడువు రెండు నెలల కిందటే వెళ్లిపోయింది. తొందరపడాల్సిన అవసరమే లేదన్నమాట. దాదాపు పది నెలలు చేతిలో ఉన్నాయి.

కానీ ఆ రెండు తేదీలు పెట్టిన మహానుభావుడెవరో గానీ అతనికి తెలుగు పంచాంగం మీద పగ ఉండి తీరాలి. జూలై 15 అంటే చాలా ఏళ్లలో ఆషాఢం. 2025లో గురుపూర్ణిమ జూలై 10న వెళ్లింది, గడువు నిక్షేపంగా బహుళ పక్షంలో పడింది. కొత్త కోడలు అత్తారింట్లో ఉండకూడని నెల, గృహప్రవేశాలు చేసుకోని నెల, బట్టల దుకాణాలవాళ్లు తప్ప ఎవరూ సంతోషించని నెల. ఆ నెలలో కన్నకొడుకు భవిష్యత్తును కంప్యూటర్‌లోకి ఎక్కించమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? శ్రావణం రానిద్దాం అంటుంది. శ్రావణ శుక్రవారం నాడు వరలక్ష్మి వస్తుంది గానీ జర్మన్ పోర్టల్ తెరుచుకోదు.

జనవరి 15 ఇంకా ఘోరం. 2025లో అది సరిగ్గా కనుమ. ఊరు దాటకూడని రోజు, గారెలు తినాల్సిన రోజు, భీమవరం వైపు మగాళ్లెవరూ ఇంటిపట్టున దొరకని రోజు. స్కానింగుకని వెళితే జిరాక్సు షాపు మూసి ఉంటుంది. రికమెండేషన్ లెటరు మీద సంతకం పెట్టాల్సిన లెక్చరరు సొంతూళ్లో ఉంటాడు. (లెటరు ఎలాగూ కుర్రాడే రాసుకున్నాడు, ఆయన చేయాల్సింది సంతకం ఒక్కటే. అదీ దొరకదు.) కనుమ నాడు కాకి కూడా కదలదన్న జాతికి కనుమ అర్ధరాత్రి క్లోజింగ్ డేట్ పెట్టడం కన్నా క్రూరత్వం ఉంటుందా?

అర్ధరాత్రి అన్నామా, అందులోనూ మెలిక ఉంది. గడువు జర్మనీ గడియారం ప్రకారం. జూలైలో వాళ్లకు 11 గంటల 59 నిమిషాలైనప్పుడు హైదరాబాదులో తెల్లవారుజాము 3:29. జనవరిలో అయితే 4:29. బ్రహ్మముహూర్తానికి కాస్త ముందన్నమాట. ఆ వేళకు వర్జ్యం ఉందా, రాహుకాలం ఏ మూల ఉంది, కుర్రాడి నక్షత్రానికి తారాబలం కుదిరిందా అని ఫోన్లో సిద్ధాంతిగారిని లేపే ఇళ్లు లేకపోలేదు. ల్యాప్‌టాప్‌కు పసుపు బొట్టు, మౌస్‌కు కుంకుమ. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు సరేసరి. బెర్లిన్‌లో కూర్చున్న యూని-అసిస్ట్ అనే సంస్థ, విదేశీ దరఖాస్తులను చాలా విశ్వవిద్యాలయాల తరఫున జల్లెడ పట్టేది, మొదటి అప్లికేషన్‌కు 75 యూరోలు, అదే సెమిస్టరుకు పెట్టే తరవాతి ప్రతిదానికీ 30 యూరోలు పుచ్చుకుంటుంది. ఏ పురోహితుడూ కలగనని సంభావన. తారాబలం గడి మాత్రం అందులో లేదు.

నవ్వుకోవడానికి బానే ఉంది గానీ, ఇంత పంచాంగం చూసేవాళ్లు చూడనిది ఒక్కటే: కుర్రాడి దగ్గర చూపించడానికి ఏముంది అన్నది. సిద్ధాంతిగారికి ఈ పిచ్చిలో పెద్ద దోషం కూడా లేదు. ఆయన నూటపదహార్లు పుచ్చుకుని ఒక గంట చెబుతాడు, ఆ గంట గడిచిపోతుంది. ఆయన ఎవరినీ పొలం తాకట్టు పెట్టమనడు.

తాకట్టు పెట్టించేవాళ్లు వేరే పంచాంగం అచ్చేశారు. అందులో శూన్యమాసం లేదు, మౌఢ్యమి లేదు, ఏడాది పొడుగునా శుభఘడియలే. జనవరి ఇన్‌టేక్, మార్చి ఇన్‌టేక్, మే ఇన్‌టేక్, జూలై, సెప్టెంబరు, నవంబరు. జర్మన్ ప్రభుత్వ క్యాలెండరు ఏడాదికి రెండుసార్లు తలుపు తీస్తే, ప్రైవేటు బిజినెస్ స్కూళ్లలో ఒక రకానివి తలుపు బిగించడమే మానుకున్నాయి. 2025లో చూడండి: సెప్టెంబరు 19న అమెరికాలో ఆజ్ఞ, 21న అమలు. ఆ 21 మహాలయ అమావాస్య. పితృపక్షం ఇంకా వెళ్లనే లేదు, 'నవంబరు ఇన్‌టేక్‌కు ఇదే ఆఖరి అవకాశం' అని ఫోన్లు మొదలయ్యాయి. ఇల్లు మారడానికి కూడా పనికిరాని రోజుల్లో దేశం మారడానికి అడ్వాన్సు కట్టించుకున్నారు.

ఆ పంచాంగంలో ఇంకో పండగ ఉంది, దాని పేరు ఎర్లీ బర్డ్ స్కాలర్‌షిప్. ఫలానా తేదీలోగా డబ్బు కడితే ఫీజులో ఇంత శాతం తగ్గింపు. స్కాలర్‌షిప్ అంటే చదువు చూసి ఇచ్చేది అనుకునే కాలం పోయింది. ఇక్కడ మార్కులు అడగరు, పరీక్ష పెట్టరు. ముందుగా కట్టినవాడే ప్రతిభావంతుడు. తేదీ దాటాక ఫోన్ చేస్తే, 'మీ బాబు ప్రొఫైల్ చూసి స్పెషల్‌గా వారం పొడిగించాం అంకుల్' అంటారు. ఊళ్లో బంధువులకు కబురు వెళుతుంది: మావాడికి జర్మనీలో స్కాలర్‌షిప్ వచ్చింది. పాపం, ఆ తండ్రి మొహంలో వెలుగు చూస్తే ఎవరికీ నిజం చెప్పబుద్ధి కాదు.

దీని వెనక యంత్రాంగం చాలా సాదాసీదా. జర్మన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం కన్సల్టెన్సీకి పైసా ఇవ్వదు. ప్రైవేటు బడి తనకు విద్యార్థిని తెచ్చినందుకు ఫీజులో వాటా ఇస్తుంది. 'ఎక్కడికి' అన్నది అక్కడే తేలిపోయింది. 'ఎప్పుడు' అన్నదీ తేలిపోయింది, ఎందుకంటే పది నెలలు ఆగిన కుర్రాడు ఆ పది నెలల్లో నాలుగు వెబ్‌సైట్లు చదువుతాడు, ఇద్దరు సీనియర్లను అడుగుతాడు, ఉద్యోగంలో చేరినా చేరిపోతాడు. కస్టమరు చెయ్యి జారడానికి ఆలోచించే సమయాన్ని మించిన దారి లేదు. అందుకే త్వరపడండి.

ఇక ఫ్రీ. జర్మనీలో చదువు ఫ్రీ అన్నది ఒకనాటి నిజం, ఇప్పటికీ చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మామూలు కోర్సులకు నిజం. ఎంబీఏకు కాదు, ఎప్పుడూ కాదు. అక్కడి చట్రంలో ఎంబీఏ ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు మళ్లీ చదివే కోర్సు. సాధారణంగా కనీసం ఏడాది పని అనుభవం ఉండాలి, ఫీజు కట్టాలి. పేరున్న చోట్ల ఏడాది కూడా చాలదు. మన్‌హైమ్ బిజినెస్ స్కూలు, బెర్లిన్‌లోని ఈఎస్‌ఎమ్‌టీ ఫుల్‌టైమ్ ఎంబీఏకు మూడేళ్లు అడుగుతాయి, ఫీజు నలభై వేల యూరోల పైమాటే. (ఈఎస్‌ఎమ్‌టీ ఉన్నది ఒకప్పటి తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వపు స్టేట్ కౌన్సిల్ భవనంలో. పెట్టుబడి పాఠాలకు అంతకన్నా మంచి చోటు దొరకదు.) మామూలు మాస్టర్స్ సంగతి చూద్దామా? మన్‌హైమ్ విశ్వవిద్యాలయం బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో ఉంది. అక్కడ యూరప్ బయటివాళ్లకు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోల దాకా వసూలు చేస్తోంది. నిజంగా ఫీజులేని ప్రభుత్వ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉన్నాయి. అవి బ్యాచిలర్స్‌లోనే అకౌంట్లు, ఫైనాన్స్, ఎకనామిక్స్ క్రెడిట్లు ఉన్నవాళ్లకు. మెకానికల్ బీటెక్ తీసుకుని వెళితే గుమ్మంలోనే ఆపుతారు. కాబట్టి ఫ్లెక్సీ మీది ఫ్రీ ఎంబీఏలో ఫ్రీగా దొరికేది ఎంబీఏ కాదు, ఎంబీఏ అన్నది ఫ్రీ కాదు.

ఇవన్నీ రహస్యాలు కావు. ఆ స్కూళ్ల పేజీల్లోనే రాసి ఉంటాయి. అయినా ఒక్క మాటతో వీటన్నిటినీ కొట్టిపారేస్తున్నారు: గ్యాప్.

డిగ్రీ తరవాత ఖాళీ వస్తే వీసా రాదట. ఈ భయాన్ని ఎంత లోతుగా నాటారంటే, కుర్రాడు బీటెక్ అయ్యాక కాకినాడలో ఎరువుల డీలరు దగ్గర ఏడాది లెక్కలు రాశాడనుకోండి, కన్సల్టెన్సీ దృష్టిలో అది గ్యాప్. తండ్రి కిరాణా కొట్టులో రెండేళ్లు కూర్చుని హోల్‌సేలర్లతో బేరాలాడాడు, గ్యాప్. రొయ్యల చెరువు దగ్గర మేత ఖర్చు, కరెంటు బిల్లు, కౌంటు రేటు లెక్కగట్టి నష్టం ఎక్కడొస్తుందో కనిపెట్టాడు, అదీ గ్యాపే. వ్యాపారం గురించి వాడికి తెలిసినదంతా ఆ గ్యాపులోనే ఉంది! వీసా అధికారి అడిగేది ఆ కాలంలో ఏం చేశావని; చేసింది చెప్పి కాగితం చూపిస్తే అది అనుభవం. ఆ అనుభవాన్నే బిజినెస్ స్కూలు అడుగుతుంది. దాన్ని జబ్బుగా చూపించి, దాచమని నేర్పి, ఇరవై రెండేళ్ల పిల్లవాణ్ణి ఒక్క ఇన్‌వాయిస్ కూడా చూడకుండా మేనేజ్‌మెంట్ చదవడానికి విమానం ఎక్కిస్తున్నారు. ఇది సలహా కాదు, మోసం. డిగ్రీలున్న మనుషులు, టై కట్టుకుని, ఏసీ గదిలో కూర్చుని చేస్తున్న మోసం.

అనుభవం తప్పదన్న కోర్సు తగిలితే దానికీ మందుంది. ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఏ గల్లీలో దొరుకుతాయో అమీర్‌పేటలో హాస్టల్లో ఉన్నవాళ్లెవరినడిగినా చెబుతారు. పని చేయడానికి రెండేళ్లు పడుతుంది, చేశానని కాగితం సంపాదించడానికి రెండు రోజులు. 2022 నవంబరు 1 నుంచి భారతీయ విద్యార్థుల చదువు కాగితాలన్నీ ఢిల్లీలోని ఏపీఎస్ కార్యాలయం చూసి ముద్ర వేస్తేనే వీసా ఫైలు కదలాలని జర్మనీ ఎందుకు పట్టుబట్టిందో ఆలోచించారా? అందుకు ఒక్కొక్కరు 18,000 రూపాయలు కట్టుకుంటున్నారు. దొంగ కాగితం పెట్టినవాడు బాగానే ఉన్నాడు, జేఎన్‌టీయూలో ఒళ్లు వంచి చదివి మార్కుల మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్ల ఆ జరిమానా భరిస్తోంది.

తొందరపెట్టడానికి ఇంకో అస్త్రం మార్కులు. 'ఇప్పుడైతే ఈ పర్సంటేజీకి వస్తుంది, తరవాత రాదు' అంటారు. జర్మన్లు మన మార్కుల్ని బవేరియన్ ఫార్ములాతో తమ స్కేలులోకి మార్చుకుంటారు; 1 అత్యుత్తమం, 4 గట్టెక్కడం. పదికి ఏడు సీజీపీఏ ఉండి పాస్ గీత అయిదు దగ్గర ఉంటే వచ్చేది 2.8. పాస్ గీత నాలుగైతే అదే ఏడుకు 2.5. ఈ అంకె ఈ ఏడాది వేసినా మూడేళ్ల తరవాత వేసినా ఒకటే. ఏపీఎస్ సర్టిఫికెట్‌కు గడువు తీరడం లేదు. జీమ్యాట్ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. ఈ కాగితాలన్నీ నిదానంగా కూర్చుని ఎదురు చూడగలవు. పని అనుభవం, జర్మన్ భాష, ఈ రెండే కాలంతోపాటు పెరిగేవి, ఆ రెంటికీ ఫ్లెక్సీ మీద చోటు లేదు.

భాష గురించి చెప్పకపోతే పాపం. కోడింగ్ చేసేవాడు బెర్లిన్‌లో ఇంగ్లీషుతో ఉద్యోగం వెతుక్కోవచ్చు, అదీ రోజురోజుకీ కష్టమవుతోంది. మేనేజ్‌మెంట్ చదివినవాడు? వాడు చేయాల్సింది అమ్మకాలు, హెచ్‌ఆర్, పద్దులు, పన్నులు, సరఫరాదారులతో మాటలు. స్టుట్‌గార్ట్ పక్కన యంత్రాలు చేసే కుటుంబ కంపెనీలో కొనుగోళ్ల విభాగం ఏ భాషలో నడుస్తుంది? జర్మనీ వ్యాపారానికి వెన్నెముక ఆ చిన్న, మధ్యతరహా కంపెనీలే. జర్మన్ బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలంటే ఒళ్లు వంచి కూర్చున్నా ఏడాది పడుతుంది. హైదరాబాదులో గోథె సెంత్రుమ్ ఉంది, అక్కడ చేరి, ఉద్యోగం చేసుకుంటూ ఏడాదిన్నర చదివి, అప్పుడు అప్లై చేస్తే ఎవరికి నష్టం? కన్సల్టెన్సీకి. ఆ ఏడాదిన్నరలో వాళ్ల పంచాంగంలో తొమ్మిది ఇన్‌టేక్‌లు వృథా అవుతాయి.

ముందే అప్లై చేయించడంలో అమెరికా వాళ్లూ మైలు ముందున్నారులెండి. హార్వర్డ్ 2007లోనే కాలేజీ పిల్లల కోసం 2+2 పథకం ప్రకటించింది. మన గచ్చిబౌలి ఐఎస్‌బీ, రెండేళ్ల అనుభవం లేనిదే పీజీపీలోకి రానివ్వని సంస్థ, ఈ మధ్య ఫైనలియర్ వాళ్ల కోసం వేరే కోర్సు పెట్టింది. అయితే హార్వర్డ్ పథకంలో అప్లికేషన్ మాత్రమే ముందు. సీటు ఖాయమైనా కనీసం రెండేళ్లు ఎక్కడో పనిచేసి వస్తే గాని క్లాసులో కూర్చోనివ్వరు. మనవాళ్లు ఆ పథకంలో మొదటి రెండును వదిలేసి, రెండో రెండునే తీసుకున్నారు.

జర్మన్లకు ఈ సంగతి తెలియక కాదు. ఆ దేశపు మొట్టమొదటి బిజినెస్ స్కూలు లైప్‌జిగ్‌లో 1898లో తెరుచుకుంది. నేటి హెచ్‌హెచ్‌ఎల్ దాని వారసురాలు. మొదటి బ్యాచిలో చేరినవాళ్లలో ఓయ్‌గెన్ ష్మాలెన్‌బాఖ్ ఒకడు. జర్మన్ వ్యాపార శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో పెద్దపేరు ఆయనది. బడిలో చేరేనాటికి పాతికేళ్లకు దగ్గరపడ్డవాడు, అంతకు ముందు తండ్రి ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చాడు. ఇవాళ అమీర్‌పేటకు వస్తే ఆయనకు గ్యాప్ ఎక్కువైందని చెప్పి కెనడా చూడమంటారు.

అలాంటి దేశంలో ఈ ప్రైవేటు ఇన్‌టేక్‌ల దుకాణాలు ఎలా నడుస్తున్నాయని అడగాల్సింది జర్మన్లను. వాళ్లకు చేతులు కావాలి. జనాభా ముసలిదైపోతోంది. 2023-24 వింటర్‌లో అక్కడ చదువుతున్న భారతీయులు 49,483 మంది. చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చి అప్పటికే ఏడాదైంది. వాళ్లలో ఎక్కువమంది ఇంజినీరింగ్ వాళ్లు, పద్ధతిగా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చేరినవాళ్లు, ఆచెన్‌లోనో డ్రెస్‌డెన్‌లోనో గౌరవంగా చదువుకుంటున్నవాళ్లు. ఈ కోపం వాళ్ల గురించి కాదు. ఆఫీసు భవనంలో ఓ అంతస్తు అద్దెకు తీసుకుని దానికి క్యాంపస్ అని పేరు పెట్టిన చోట్ల చేరి, చలిలో సైకిలు మీద ఫుడ్ డెలివరీ చేస్తున్న పిల్లల గురించి. డెలివరీ తప్పుడు పని అని కాదు. ఆ పని కోసం ఇంటి మీద అప్పు అక్కర్లేదని.

ఆ అప్పు లెక్క కూడా చూడండి. వీసాకు ముందు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాల్సింది 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు, నెలకు 992 చొప్పున తిరిగి చేతికొస్తుంది. మన డబ్బులో పన్నెండు లక్షల చిల్లర. ప్రైవేటు ఫీజు దాని మీద. చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోనిస్తారు. చదువయ్యాక చదువుకు తగ్గ ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు. అసలు గడియారం ఇదీ. ఏడాది కోర్సులో చేరినవాడికి అడుగుపెట్టిన రోజు నుంచి మొత్తం ముప్పై నెలలు: ఆ ముప్పై నెలల్లోనే చదవాలి, అద్దె సంపాదించాలి, ఏ1 నుంచి బీ2 దాకా భాష ఎక్కాలి, అనుభవం అడిగే కంపెనీకి లేని అనుభవం చూపించాలి. ఇంటి దగ్గర తక్కువ ఖర్చుతో చేయగలిగిన రెండు పనులను, నెలకు వెయ్యి యూరోలు ఖర్చయ్యే చోటికి మోసుకెళ్లి అక్కడ మొదలుపెట్టడం. దీనికి ప్లానింగ్ అని పేరు. పైగా బిజినెస్ చదవడానికి వెళుతున్నారు!

అక్కడికి చేరాక కూడా భద్రత లేదు. 2025లో బెర్లిన్‌లో ఒక పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరిన భారతీయ విద్యార్థులు కొందరికి విదేశీయుల కార్యాలయం నుంచి దేశం విడిచి వెళ్లమని ఉత్తర్వులొచ్చాయి. వాళ్ల కోర్సులో ఆన్‌లైన్ భాగం ఉంది కనుక దానికి జర్మనీలో ఉండనక్కర్లేదన్నది కార్యాలయం వాదన. డబ్బు కట్టారు, వీసా వచ్చింది, క్లాసులకు వెళుతున్నారు. అయినా ఈ మాట.

వీసా రానివాళ్ల దారి ఇంకా ఇరుకైంది. మునుపు తిరస్కరిస్తే ఖర్చులేకుండా రాయబార కార్యాలయానికే మళ్లీ రాసుకుని, ఫలానా కాగితం సరిగ్గా చూడలేదండీ అని మొరపెట్టుకునే వీలుండేది. 2025 జూలై 1 నుంచి ఆ పద్ధతి తీసేశారు. ఇక కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానానికి వెళ్లాలి. ఆ కోర్టులో వ్యవహారం జర్మన్‌లో నడుస్తుంది. లాయరు ఖర్చు, అనువాదాల ఖర్చు పొలం పత్రం బ్యాంకులో పెట్టిన తండ్రివి. కన్సల్టెన్సీ సర్వీస్ చార్జి ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదని ఆయన సంతకం చేసిన అగ్రిమెంటు మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది.